ఏ ఊరి నీళ్ళివి?

నీటి మీద పడ్డ వెలుగును ఫొటో తీయడం కన్నా తేలికైన పని ఫొటోగ్రఫీలో ఇంకొకటి లేదు. మంచి నీటి ఫొటో అరుదుగా కనిపించడానికి కారణం కూడా అదే. ఫోను చేతిలో ఉన్న ప్రతివాళ్ళూ ఏదో ఒక సాయంత్రం చెరువుగట్టు మీదో, వాన వెలిసిన రోడ్డు మీదో వంగి తలకిందులైన దీపాలను, సాగిపోయిన రంగులను పట్టుకొనే ఉంటారు. వాటిలో పదింట తొమ్మిది చూడ్డానికి బాగానే ఉంటాయి, కానీ ఆ బాగుండటం దగ్గరే ఆగిపోతాయి. తీసింది హైదరాబాదులోనో హాంకాంగులోనో చెప్పలేం. హోటళ్ళ గోడల మీద, క్యాలెండర్ల మీద 'ఫైన్ ఆర్ట్ ఆబ్‌స్ట్రాక్ట్' పేరుతో వేలాడే నీళ్ళన్నీ ఒకే కొళాయి కింద పట్టుకొచ్చినట్టుంటాయి.

నగర ప్రతిబింబాల గురించి రాస్తూ చాగలమర్రి పేరెత్తితే నవ్వేవాళ్ళుంటారు. నంద్యాల జిల్లా దక్షిణపు కొసన, కడప జిల్లా పొలిమేరను ఆనుకొని, కర్నూలు నుంచి చిత్తూరు పోయే జాతీయ రహదారి మీద ఉన్న మండల కేంద్రం అది. అద్దాల మేడల్లేవు, నెక్లెస్ రోడ్డు లేదు. కేసీ కాలువ ఉంది. పడమట కుందూ ఉంది, కొండల దిక్కు నుంచి వచ్చే వక్కిలేరు ఉంది. వానాకాలంలో దమ్ము చేసి నీళ్ళు పెట్టిన వరిమళ్ళున్నాయి, రాత్రంతా ఆగని లారీల హెడ్‌లైట్లున్నాయి. ఈ కళకు కావలసిన సరుకు ఇంతే. పైగా ఇక్కడొక సౌకర్యం ఉంది. కాలువకు నీళ్ళు ఏడాది పొడుగునా రావు, వక్కిలేరు ఎక్కువ నెలలు ఇసుకే. కాబట్టి ఈ ప్రాంతంలో తీసిన నీటి ఫొటోకు నెల, వారం తెలిసిపోతాయి. హుస్సేన్‌సాగర్ ఫొటోకు ఆ గుర్తు ఉండదు.

నైరూప్య జలచిత్రాల మీద వందేళ్ళుగా సాగుతున్న చర్చను ఇక్కడ నిలబడి ఒకసారి తిరగేద్దామని ఈ వ్యాసం. ఇది కళా, కెమెరా తమాషానా? గుర్తుపట్టే వస్తువు లేకుండా ఫొటోకు విలువెక్కడిది? ఊరికి, నీటికి ఉన్న సంబంధం ఈ బొమ్మల్లో ఎక్కడ పోతోంది? నా వరకు కొలత ఒకటే: బొమ్మ ముందు నిలబడి 'ఏ ఊరి నీళ్ళివి?' అని అడిగితే ఏదో ఒక రూపంలో జవాబు రావాలి. ఈ కొలత అన్నిచోట్లా నిలబడదు. అది ఎక్కడ తప్పుతుందో కూడా ముందుకుపోయాక చూద్దాం.

ముందు నీళ్ళ సంగతి. నీరు అద్దం అంటాం గానీ, అది చాలా పిసినారి అద్దం. నిట్టనిలువుగా కిందికి చూస్తే నీరు తన మీద పడ్డ వెలుగులో నూటికి 2 పాళ్ళే తిప్పి పంపుతుంది, మిగతాదంతా లోపలికి పోతుంది. చూపు ఏటవాలయ్యే కొద్దీ చెయ్యి వదులవుతుంది. కాలువగట్టు మీద నిలబడి అవతలి ఒడ్డు దగ్గరి నీటిని చూసినప్పుడు, చూపు నిలువుగీతకు 80 డిగ్రీలు వాలితే, దాదాపు మూడోవంతు వెలుగు తిరిగొస్తుంది. అదే మనిషి మెట్లు దిగి నీటి అంచున కూర్చుని, చూపు 87 డిగ్రీలకు వాలిస్తే తిరిగొచ్చేది దాదాపు ముప్పాతికకు చేరుతుంది. రంగులు చిక్కబడతాయి, అవతలి తుమ్మచెట్టు నీళ్ళలో పూర్తిగా దిగుతుంది. ఖరీదైన లెన్స్ చేయలేని పని మోకాళ్ళు వంచితే అవుతుంది. 53 డిగ్రీల దగ్గర ఇంకో విచిత్రం ఉంది. అక్కడ తిరిగొచ్చే వెలుగంతా ఒకే తలంలో కంపిస్తుంది, పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే ప్రతిబింబం తుడిచిపెట్టినట్టు పోయి కాలువ అడుగు కనబడుతుంది. ప్రతిబింబాలు తీయడానికి వెళ్తూ పోలరైజర్ బిగించుకొనే వాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. అది సగం తిప్పితే ఒక బొమ్మ, పూర్తిగా తిప్పితే వేరే బొమ్మ.

కొత్తగా తీసేవాళ్ళు తడబడే చోటు ఫోకస్. నీటి మీద కనిపించే చెట్టు నీటి మీద లేదు. దాని దూరం కెమెరా నుంచి నీటి దాకా, నీటి నుంచి చెట్టు దాకా కలిపిన దూరం. అందువల్ల అలల గీతలకు ఫోకస్ పెడితే చెట్టు కరుగుతుంది, చెట్టుకు పెడితే అలలు కరుగుతాయి. రెంటిలో దేన్ని వదులుకోవాలన్న నిర్ణయమే ఈ రకం ఫొటోలో మొదటి కళానిర్ణయం. రెండోది షట్టర్. సెకనులో వెయ్యో వంతుకు అల గాజుపెంకుల్లా విరిగి నిలుస్తుంది, పదిహేనో వంతుకు దారాల్లా సాగుతుంది, పది సెకన్లు తెరిచి ఉంచితే కాలువ పాలిష్ పట్టిన రాయవుతుంది. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర మెరుగుపట్టిన నల్లరాతి విగ్రహాలు చూసినవాళ్ళకు ఆ మెరుపు తెలుసు. వీటిలో ఏదీ కంటికి కనిపించే నీరు కాదు. కన్ను అల వెంట పోతుంది, కెమెరా పోదు. నీటిని తీసిన ప్రతి ఫొటోలోనూ కొంత నైరూప్యం ముందే ఉంటుంది.

మొదటి తరం కెమెరాలకు ఇందులో ఎంపికే లేదు. 1858లో లిన్నేయస్ ట్రైప్ మదరాసు ప్రభుత్వం తరఫున మధురై ప్రాంతంలో కాగితపు నెగెటివ్‌లతో బొమ్మలు తీశాడు. ఆ రోజుల ఎక్స్‌పోజర్లు పొడుగు, అందుకే ఆయన కోనేటి నీళ్ళు గాజుపలకలై నిలిచాయి. ఆ మౌనం ఆయన కోరి తెచ్చింది కాదు. దానికి ఒకటి రెండేళ్ళ ముందు ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే సముద్రపు అలను పట్టుకోవడానికి ఆకాశానికి ఒక నెగెటివ్, నీటికి ఒక నెగెటివ్ తీసి కలిపి ముద్రించాడు. ఫొటోషాప్ మోసం అని గొడవపడేవాళ్ళు ఆ ముద్రణల కాలం గుర్తుంచుకుంటే గొంతు కాస్త తగ్గుతుంది.

కావాలని నైరూప్యం వైపు నడిచినవాళ్ళు 20వ శతాబ్దంలో కనిపిస్తారు. 1916లో పాల్ స్ట్రాండ్ వసారా నీడలను చారలుగా మార్చాడు. మరుసటి ఏడాది లండన్‌లో ఆల్విన్ లాంగ్డన్ కోబర్న్ మూడు అద్దాల పరికరం కట్టి 'వోర్టోగ్రాఫ్‌లు' తీశాడు. అదే 1917లో యుద్ధంలో గాయపడి కోలుకుంటున్న ఆంద్రే కెర్తేస్ హంగరీలో ఒక ఈతగాడిని నీటి పైనుంచి తీశాడు. తల కనిపించదు, ఒళ్ళంతా అలల మెలికలు, పైన వెలుగు గీతలు. మనిషి మనిషిగానే ఉన్నాడు, నీరు మాత్రం అతన్ని తిరగరాసింది. కోబర్న్ అద్దాల బొమ్మలు చరిత్ర పుస్తకాల్లో మిగిలాయి, కెర్తేస్ ఈతగాడు ఇప్పటికీ బతికున్నాడు. ఎందుకంటే ఆ బొమ్మలో నీరు నిజంగా ఒక మనిషిని ముట్టుకుంది.

ఈ చర్చలో తప్పించుకోలేని పేరు ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. ఆయన ఫొటోల బలమంతా ఆయన ముందు కూర్చున్న మనుషుల మీద ఆయనకున్న పట్టులో ఉందని ఒక రచయిత అన్నాడట. అయితే ఎవరికీ చెందని వస్తువు తీసి చూపిస్తానని 1922లో లేక్ జార్జ్ దగ్గర కెమెరాను మేఘాల వైపు తిప్పాడు. ఆ వరస తర్వాత 'ఈక్వివలెంట్స్' అయింది. దిక్చక్రం లేదు, పైకిందులు లేవు. తన మనఃస్థితికి సమానమైన రూపాలని ఆయన వాదన. నా కొలత సరిగ్గా ఇక్కడే ఇరుకున పడుతుంది. ఆ మేఘాలు ఏ ఊరివని అడిగితే బొమ్మ జవాబు చెప్పదు, అయినా బొమ్మ నిలబడింది. మోహోయ్-నాజ్ కెమెరా కూడా లేకుండా కాగితం మీద వెలుగు చల్లి చేసిన ఫొటోగ్రామ్‌లకూ ఊరు లేదు. ఒప్పుకుంటాను. కానీ స్టీగ్లిట్జ్ ఒకే చోట, ఒకే ఇంటి పైనున్న ఆకాశాన్ని ఏళ్ళ తరబడి తీశాడు. ఆయన్ను అనుకరించేవాళ్ళు ఈ సగాన్ని మర్చిపోతారు.

నగరపు ప్రతిబింబాల్ని రంగుల్లోకి తెచ్చినవాళ్ళు న్యూయార్క్‌లో తయారయ్యారు. ఎర్న్‌స్ట్ హాస్ రంగుల న్యూయార్క్‌ను 1953లో లైఫ్ పత్రిక రెండు సంచికల్లో 24 పేజీల మేర వేసింది. దుకాణపు అద్దాలు, తడిరోడ్లు, నీటి గుంటల్లో ఆకాశహర్మ్యాలు. సాల్ లీటర్ ఆవిరి పట్టిన కిటికీల వెనక నుంచి, వాన చుక్కల మధ్య నుంచి తన వీధి చుట్టుపక్కలే దశాబ్దాలు తీశాడు. 2006లో పుస్తకం వచ్చాక గానీ లోకానికి పెద్దగా తెలియలేదు. హ్యారీ కాలహన్ 1940లలో నీటి మీది ఎండను తెల్లగీతల లిపిలా తీశాడు, రాత్రిపూట నియాన్ దీపాల ముందు కెమెరానే కదిలించాడు. ఈనాడు కెమెరాను అటూ ఇటూ ఊపి తీసి కొత్త ప్రక్రియ కనిపెట్టామనేవాళ్ళకు ఎనభై ఏళ్ళ నాటి తాతలున్నారు.

వీళ్ళందరి తర్వాత వచ్చినవాళ్ళలో నన్ను ఎక్కువగా ఆపే పని రోనీ హార్న్‌ది. 1999లో ఆమె లండన్‌లోని థేమ్స్ నది నీటిని మాత్రమే దగ్గరగా తీసి 15 పెద్ద ముద్రణలుగా పెట్టింది. ఒడ్డు లేదు, వంతెన లేదు. నల్లగా, ఆకుపచ్చగా, బురదగా మెలికలు తిరిగే ఉపరితలమే. దూరం నుంచి చూస్తే అచ్చమైన నైరూప్యం. దగ్గరికి పోతే నీటి మీద అక్కడక్కడ చిన్న అంకెలు, కింద వాటికి పాదసూచికలు. అందులో ఆ నదిలో దూకి చనిపోయినవాళ్ళ ప్రస్తావనలు, నీటి గురించి జ్ఞాపకాలు, ప్రశ్నలు. అందమైన నీటిని చూస్తున్న కన్ను ఉలిక్కిపడుతుంది. నైరూప్యం ఊరిని మర్చిపోనక్కర్లేదని దీనికన్నా గట్టిగా చెప్పిన పని నాకు కనబడలేదు. హిరోషి సుగిమొటో 1980 నుంచి తీస్తున్న సముద్రాల్లో సగం నీరు, సగం ఆకాశం తప్ప ఏమీ ఉండదు. అయినా ప్రతిదానికీ ఫలానా సముద్రమని పేరుంటుంది. సుసాన్ డెర్జెస్ ఇంగ్లండులో టా నది నీళ్ళలోనే రాత్రిపూట ఫొటో కాగితం ముంచి, ఫ్లాష్ వెలిగించి, నది చేతనే బొమ్మ గీయించింది.

మన దేశానికి వస్తే మొదట చెప్పుకోవలసిన పేరు నస్రీన్ మొహమ్మదీ. 1937లో కరాచీలో పుట్టి, బరోడాలో చిత్రకళ బోధించి, 1990లో కన్నుమూసింది. సన్నని గీతల చిత్రాలకు ఆమె ప్రసిద్ధి. తీరపు ఇసుక మీద నీరు వెనక్కి పోతూ గీసిన చారలు, రోడ్డు గీతలు, గోడ మీద వెలుగు ముక్కలు ఆమె కెమెరాతో పట్టింది గానీ బతికుండగా ఆ ఫొటోలను ప్రదర్శనకు పెట్టలేదు. ఈరోజు అవి ప్రపంచ మ్యూజియంలలో తిరుగుతున్నాయి. ప్రకృతిలో నైరూప్యం వెతికినవాళ్ళలో గుజరాత్‌కు చెందిన అశ్విన్ మెహతా ఇంకొకరు. తీరాలు, రాళ్ళు, నీరు ఆయన జీవితకాలపు పని.

తెలుగు కన్నుకు నీటి ప్రతిబింబాన్ని నేర్పింది ఫొటోగ్రాఫర్ల కన్నా ముందు సినిమా. 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్లే నౌకావిహారపు పాటలో వెన్నెలను నీటి మీద నిలిపిన తీరు తరాల జ్ఞాపకంలో ఉంది. నలుపు తెలుపుల్లో, కృత్రిమ దీపాలతో, మెరుపు ఎక్కడుండాలో చీకటి ఎక్కడుండాలో లెక్కగట్టి చేసిన పని అది. పాటను ఆపేసి నీటి భాగాన్ని మాత్రం చూడండి. అదొక విడి నైరూప్య చిత్రం.

ఆ తర్వాత చిత్రకారులు. మధిరలో పుట్టి హైదరాబాదులో స్థిరపడిన సూర్యప్రకాశ్ మొదట తుప్పుపట్టిన వాహనాల శిథిలాలు గీసి, తర్వాత నీటి వైపు తిరిగారు. తేలే ఆకులు, వాటి కింద చెట్ల నీడలు, వాటి కింద ఎక్కడో అడుగు. ఒకే కాన్వాసు మీద మూడు లోతులు. 2019లో ఆయన పోయేదాకా ఈ పని సాగింది. నీటిని తీసే తెలుగు ఫొటోగ్రాఫరు హాస్‌నూ లీటర్‌నూ చూడకపోయినా ఫరవాలేదు గానీ సూర్యప్రకాశ్‌ను చూడకపోతే నష్టం. ఎక్కడ ఫోకస్ పెట్టాలన్న ప్రశ్నకు ఆయన కుంచె అన్ని పొరలకూ కలిపి జవాబు చెప్పింది. గుడివాడ నుంచి లండన్ మీదుగా అమెరికా చేరిన ఎస్.వి. రామారావు రంగుల నైరూప్యం దారి వేరు. తెలుగువాళ్ళకు నైరూప్యం పడదనే మాటకు ఆయన ఒక్కరే చాలినంత జవాబు.

మరి ఫొటోగ్రాఫర్లు? మనకు నైపుణ్యం కొదవ లేదు. విజయవాడ, హైదరాబాదు, విశాఖ నుంచి అంతర్జాతీయ సలాన్లలో (ఫొటో పోటీల్లో) పతకాలు తెచ్చినవాళ్ళున్నారు, పేర్ల పక్కన ఏఎఫ్ఐఏపీ, ఈఎఫ్ఐఏపీ బిరుదులు పెట్టుకొనేవాళ్ళున్నారు. సలాన్ వ్యవస్థ క్రమశిక్షణ నేర్పింది, చిన్న ఊళ్ళ స్టూడియో కుర్రాళ్ళకు ప్రపంచం చూపింది. కానీ నీటి బొమ్మకు అది చేటు కూడా చేసిందని నా అభిప్రాయం. పోటీలో న్యాయనిర్ణేత ఒక బొమ్మను చూసేది కొద్ది సెకన్లు. ఆ కొద్ది సెకన్లలో గెలవాలంటే రంగు అరవాలి, ఆకారం గుద్దాలి. కాలువలో మెల్లగా కదిలే బూడిదరంగు అక్కడ గెలవదు. దాంతో అందరూ ఒకే ముదురు నీలం, ఒకే బంగారు పసుపు దగ్గరికి చేరారు. ప్రతిబింబాన్ని తలకిందులు చేసి చూపే చిట్కా కూడా అక్కడ బాగా నడుస్తుంది. మొదటిసారి అబ్బురం, మూడోసారి విసుగు.

హైదరాబాదులో 2015 నుంచి జరుగుతున్న ఇండియన్ ఫొటో ఫెస్టివల్ ఈ పరిస్థితిని కొంత కదిలించింది. మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఒకే విషయం మీద వరసగా చేసిన పని గోడల మీద కనిపించడం మొదలైంది. ఒక్క బొమ్మ కాదు, వరస. నీటికి వరసే సరైన రూపం.

ఇక మన నగరాల నీళ్ళు. హుస్సేన్‌సాగర్ 1562 నాటిది, అందులో బుద్ధుడు నిలిచింది 1992లో. ఆ విగ్రహం, చుట్టూ రంగుల దీపాలు, వాటి పొడుగాటి మెరుపులు చూసి చూసి అరిగిపోయాయి. దుర్గం చెరువు తీగల వంతెన 2020లో తెరిచారు. తెరిచిన కొద్ది రోజులకే ఆ వంతెన ప్రతిబింబం కూడా అరిగిపోయింది. తప్పు వంతెనది కాదు. అందరం ఒకే రెయిలింగ్ దగ్గర, ఒకే నీలివేళలో నిలబడుతున్నాం. విజయవాడ ప్రకాశం బ్యారేజీ దీపాలు కృష్ణలో పడే తీరు ఇంకా కొంత మేలు, ఎందుకంటే గేట్ల దగ్గర నీరు ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది.

ఒక సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. గత పది పన్నెండేళ్ళలో మన ఊళ్ళ రాత్రి నీళ్ళ రంగే మారిపోయింది. హుద్‌హుద్ తుపాను (2014) తర్వాత విశాఖలో వీధిదీపాలు ఎల్‌ఈడీలయ్యాయి, ఆ తర్వాత మిగతా ఊళ్ళూ అదే దారి పట్టాయి. సోడియం దీపపు నారింజ రంగు నీళ్ళలో కరిగిన ఇత్తడిలా పడేది. ఇప్పుడు తెల్లటి సూదులు పడుతున్నాయి. 2010లో ఎవరో సరదాగా తీసిన చెరువు ప్రతిబింబం ఈరోజు ఒక పోయిన వెలుగుకు సాక్ష్యం. తేదీ, చోటు రాసి ఉంటేనే. రాయకపోతే అదొక నారింజ మరక.

ఇప్పుడు కాలువ దగ్గరికి. కర్నూలు–కడప కాలువను 1860లలో మదరాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై, కుందూ లోయ వెంట దిగి, మూడు వందల కిలోమీటర్లకు పైగా పోయి కడప చేరుతుంది. మొదట పడవలు నడపాలన్న లెక్కతో కూడా కట్టారు. కంపెనీ నష్టపోయింది, 1882లో ప్రభుత్వం కొనేసింది. దాని కింద ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. ఇంత చరిత్ర ఉన్న నీటి అద్దం మన ఫొటో పుస్తకాల్లో నాకు ఎక్కడా కనబడలేదు.

జూలై, ఆగస్టుల్లో నీళ్ళు వదిలిన తొలిరోజుల్లో కాలువ టీ రంగులో ఉంటుంది. బురదనీటిలో ప్రతిబింబం రాదనుకుంటారు, వస్తుంది. అయితే చీకటి చోట్ల నలుపు పడదు, బురద తన రంగును నింపుతుంది. తుమ్మచెట్టు నీడ ఎర్రమట్టి రంగులో, దాని ఆకుల సందుల ఆకాశం వెండి రంగులో. ఇది సుంకేసుల నుంచి వచ్చిన రంగు, కొలనులో దొరకదు. నెలలు గడిచి నీరు తేరుకునేసరికి అదే చెట్టు ముదురాకుపచ్చగా పడుతుంది. సిమెంటు లైనింగ్ వేసిన చోట ఒడ్డుగీత రూళ్ళకర్ర పెట్టినట్టుంటుంది. లైనింగ్ లేని చోట గడ్డి, పాములపుట్టలు, బట్టలుతికే బండ. ఒకే కాలువ, రెండు జ్యామితులు. గట్టున కెమెరా పట్టుకొని కూర్చున్నవాణ్ణి చూసి పొలం నుంచి వచ్చే పెద్దాయన అడిగేది ఒకటే: "ఏముంది సార్ ఆ నీళ్ళల్లో, తీసిందే తీస్తాండారు?" విమర్శకుల కన్నా సూటి ప్రశ్న. బొమ్మ దానికి జవాబు చెప్పగలగాలి.

ఇంకో చోటు మహానంది. కోనేరు లోతు అయిదడుగులు, నీరెప్పుడూ తేట. అడుగున సూది పడినా కనబడుతుందని చెప్పుకుంటారు. పొద్దున ఎండ ఏటవాలుగా దిగినప్పుడు చూడవలసింది ఉపరితలాన్ని కాదు, అడుగును. ప్రతి అలశిఖ ఒక చిన్న భూతద్దం. అది వెలుగును ఒక సన్నని గీతగా కూడదీసి రాతిపలక మీద వేస్తుంది. అలాంటి గీతలు వందలు కలిసి వల అల్లుతాయి, విడిపోతాయి. ఒక భక్తుడు మెట్టు దిగితే వల మొత్తం చిరుగుతుంది, మళ్ళీ కుట్టుకుంటుంది. దీన్ని తీయాలంటే ఉపరితలపు మెరుపును పోలరైజర్‌తో తుడిచి, ఫోకస్‌ను అడుగుకు దించి, షట్టర్‌ను సెకనులో అయిదువందో వంతు దాకా పెంచాలి. ఆలయ సిబ్బందిని అడిగి, స్నానాలు చేసేవాళ్ళ వైపు లెన్స్ తిప్పకుండా తీయాలి. ఇదే మహానంది 2019 సెప్టెంబరులో భారీ వానలకు నీట మునిగింది. తేటకు పేరుపడ్డ చోట బురద. ఈ రెండూ పక్కపక్కన పెట్టకపోతే మహానంది నీటి కథ సగమే.

నాట్లకు ముందు చాగలమర్రి చుట్టుపక్కల మళ్ళు మరో రకం అద్దాలు. నల్లరేగడి దమ్ము చేసి నీళ్ళు నిలిపితే అడుగు నల్లగా ఉండటం వల్ల ఆకాశం గట్టిగా పడుతుంది, గెనిమలు ఆ ఆకాశాన్ని ముక్కలుగా కోస్తాయి. నారు నాటిన తొలి వారం ఆ మేఘాల్లో ఆకుపచ్చ చుక్కలు మొలుస్తాయి. తూర్పున నల్లమల ఉండటంతో పొద్దు ఆలస్యంగా మడి మీదికి వస్తుంది, ఆకాశం వెలిగి నేల ఇంకా చీకటిగా ఉండే వేళ కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. నగరమే కావాలంటే ఈ ప్రాంతంలో దానికీ ఒక రూపం ఉంది. గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు. వాన తర్వాత అద్దపు పలకల వరసల మీద మేఘాలు ముక్కలై పోతుంటే అద్దాల మేడలు గుర్తుకొస్తాయి. శ్రీశైలం వెనుకజలాల్లో సంగమేశ్వరం గుడి శిఖరం ఏటా మునిగి తేలే దృశ్యం గురించి వేరే వ్యాసమే రాయాలి.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది. నీటి కోసం దశాబ్దాలుగా పోరాడుతున్న సీమలో నీటిని రంగులుగా, గీతలుగా చూడటం విలాసం కాదా? ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ ఆకాశం నుంచి తీసిన నీటి బొమ్మల మీద కూడా ఇదే విమర్శ వచ్చింది: నాశనాన్ని అందంగా చూపుతున్నాడని. మురుగు కలిసే చోట నూనెపొర మీద ఇంద్రధనుస్సు రంగులు తేలుతాయి. దాన్ని 'వర్ణకేళి' అని పేరు పెట్టి గోడకు తగిలిస్తే అది అబద్ధమే. అదే బొమ్మ కింద ఫలానా ఊరి డ్రైనేజీ ఫలానా వాగులో కలిసే చోటని రాస్తే చూసేవాడికి అందం మింగుడుపడదు. మింగుడుపడకూడదు కూడా. అభ్యంతరం నైరూప్యం మీద కాదు, పేరు చెరిపేయడం మీద ఉండాలి.

కొత్తగా మరో చిక్కు వచ్చింది. 2023లో బోరిస్ ఎల్డాగ్సెన్ అనే జర్మన్ కళాకారుడు కృత్రిమ మేధతో చేసిన బొమ్మకు సోనీ ప్రపంచ ఫొటోగ్రఫీ పోటీలో బహుమతి వస్తే, అది ఫొటో కాదని తనే చెప్పి తిరస్కరించాడు. ముఖాన్ని నకిలీ చేయడం కన్నా నీటి మెరుపును నకిలీ చేయడం యంత్రానికి ఎన్నో రెట్లు తేలిక. వేళ్ళు లెక్కపెట్టి పట్టుకోవడానికి అందులో ఏముంది? ఫోనులోని నైట్ మోడ్ కూడా మెల్లగా అటే తీసుకుపోతోంది. అది అనేక ఫ్రేములు తీసి కలుపుతుంది, ఆ కలపడంలో అల అరిగిపోయి, హైవే పక్క నీటిగుంటలో లారీ దీపం మెత్తటి పూసగా మారుతుంది. ప్రో మోడ్‌కు మారి షట్టర్ మీ చేతిలోకి తీసుకోండి. గ్రెయిన్ వస్తే రానివ్వండి.

ఊరు లేని నీటి బొమ్మలు ఇకమీదట యంత్రాలకే వదిలేయవచ్చు. మనుషులకు మిగిలిన పని, ఫలానా కాలువ, ఫలానా వారం, ఫలానా గట్టున కూర్చుని చూసినది చూపడం. స్టీగ్లిట్జ్ మేఘాల దారి మూసుకుపోలేదు గానీ, ఆ దారిన పోయేవాళ్ళు ఆయన లాగే ఒకే ఆకాశం కింద ఏళ్ళు గడపాలి.

కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వచ్చింది. కేసీ కాలువ పోయి చేరేది ఆ ఊరి దిక్కుకే. హైదరాబాదు మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో ఫొటోగ్రఫీకి డిగ్రీయే ఉంది. ఈ రెండు చోట్లా చదివే పిల్లలకు, నంద్యాల, ఆళ్లగడ్డల స్టూడియో మిత్రులకు ఒక మనవి. ఈసారి నీళ్ళు వదిలినప్పుడు సుంకేసుల నుంచి కడప దాకా కాలువ మీద తలా ఒక చోటు పంచుకోండి. నీళ్ళు ఆగేదాకా వారానికొకసారి అదే చోట, అదే ఎత్తు నుంచి తీయండి. ప్రతి బొమ్మ వెనక ఊరి పేరు, తేదీ, వేళ రాయండి. మంచివి ఏరి కాగితం మీద ముద్రించి, మొదటి ప్రదర్శన నగరంలో కాకుండా కాలువ పక్క ఊళ్ళోనే, చాగలమర్రిలోనే ఏదో ఒక బడిలో పెట్టండి. ఆ నీళ్ళను రోజూ చూసేవాళ్ళు బొమ్మను గుర్తుపడితే చాలు, మిగతా బిరుదులు తర్వాత చూసుకోవచ్చు.